మెలోడీ పార్టీలో వాయిస్తే పరువు పోదు

"అన్నయ్యా, నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. తాతగారి కాలంలో పార్వతీపురం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నాకు 23 ఏళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద షిఫ్టు డ్యూటీలు చేస్తున్నాను. తొమ్మిదో తరగతి నుంచి గిటారే నా లోకం. నలుగురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టుకున్నాం. నేను లీడ్ గిటార్. ఇప్పుడు మా డ్రమ్మర్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నాడు. నాకేమో ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళి ప్రయత్నించాలని ఉంది. నాన్న 'పీఎఫ్ ఉందా, ఈఎస్ఐ ఉందా, గిటార్ చూసి పిల్లనెవరిస్తారు' అని రోజూ గొడవ. బరంపురం నుంచి ఒక మెలోడీ పార్టీ (స్టేజీల మీద సినిమా పాటలు, భజనలు వాయించే ఆర్కెస్ట్రా) వాళ్ళు ఈ సీజన్‌కి గిటారిస్టుగా రమ్మన్నారు. అక్కడ వాయిస్తే బ్యాండ్ పరువు పోతుందని మావాళ్ళు అంటున్నారు. ఇంకో టెన్షన్, అందరం కలిసి కట్టుకున్న పాటల్ని మా సింగర్ తన ఒక్కడి పేరు మీద రిలీజ్ చేస్తానంటున్నాడు. ఈఎంఐ మీద మంచి గిటార్ కొనాలని కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ,

నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. మెలోడీ పార్టీలో చేరు. ఉద్యోగం ఇప్పుడే మానకు. బెంగళూరు సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టు. బ్యాండ్‌ని మాత్రం వదలకు, డ్రమ్మర్ వెళ్ళిపోయినా సరే. నీ గిటార్ నిన్ను పోషించాలి, నువ్వు నీ బ్యాండ్‌ని పోషించాలి. బ్యాండే నిన్ను పోషించాలని మొదటి రోజు నుంచీ ఎదురు చూస్తే రెండేళ్ళు తిరక్కుండా బ్యాండూ ఉండదు, నలుగురి మధ్యా స్నేహమూ ఉండదు. ఈ చుట్టుపక్కల నేను చూసిన బ్యాండ్లు చాలావరకు అలాగే విడిపోయాయి. వాటిలో వాయించడం రానివాళ్ళు ఎవరూ లేరు.

పరువు మాటకి వద్దాం. మీవాళ్ళు దేవుడిలా చూసే గిటారిస్టులు ఎలా బతికారో ఒకసారి చూడు. జిమ్మీ పేజ్ 1960లలో కొన్నేళ్ళ పాటు లండన్ స్టూడియోల్లో సెషన్ గిటారిస్టు. ఎవరు పిలిస్తే వాళ్ళ పాటకి వాయించాడు. పొద్దున ఒక రకం పాట, సాయంత్రం ఇంకో రకం. రికార్డు మీద పేరు కూడా ఉండేది కాదు. జిమీ హెండ్రిక్స్ తన పేరుతో బ్యాండ్ పెట్టేదాకా ఐస్లీ బ్రదర్స్ వెనకా లిటిల్ రిచర్డ్ వెనకా నిలబడి వాయించినవాడే. వాళ్ళ చేతులకి ఆ వేగం, ఆ నిబ్బరం వచ్చింది ఆ పనిలోనే. డ్రమ్మర్ గురించి దిగులు పెట్టుకున్నావు కదా, 1968లో పేజ్ ఉన్న యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ విడిపోయేసరికి స్కాండినేవియాలో ఒప్పుకున్న ప్రోగ్రాములు అలాగే మిగిలిపోయాయి. పేజ్ కొత్తవాళ్ళని కూడగట్టుకుని వెళ్ళి ఆ ప్రోగ్రాములు పూర్తి చేశాడు. ఆ కొత్త నలుగురే ఆ ఏడాది లెడ్ జెప్పెలిన్ అయ్యారు. అన్నేళ్ళు స్టూడియోల్లో పని చేసినవాడు కాబట్టే ఎవరు ఎలా వాయిస్తారో అతనికి తెలుసు, మనుషులు దొరికారు. మెలోడీలో నీకు డబ్బుతో పాటు దొరికేది అదే. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఎక్కడ మంచి డ్రమ్మర్ ఉన్నాడో, ఎవరు టైముకి వస్తారో, ఎవరు తాగి స్టేజీ ఎక్కుతారో ఒక్క సీజన్‌లో తెలిసిపోతుంది.

నేను బరంపురంలో మెలోడీ స్టేజీల మీద వాయించినవాణ్ణి కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చెబుతాను. ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ రోజుల్లో వీధివీధినా ప్రోగ్రామే. రాత్రి పది దాటాక మొదలవుతుంది. ముందు అమ్మవారి మీద ఒడియా భజన, వెంటనే ఎవరో చీటీ పంపిస్తే తెలుగు మాస్ పాట, దాని వెనకే పాత హిందీ యుగళగీతం. గాయని మైకు పట్టుకుని నీవైపు తిరిగి "అయిదున్నర" అంటుంది, అంతే. పాట నువ్వు ఇంట్లో సాధన చేసింది నాలుగు శ్రుతిలో. కీబోర్డు అతను అప్పటికే ఎత్తుకుంటాడు. ప్యాడ్ వాయించేవాడు నాలుగు దెబ్బలు కొట్టేలోపు నీ వేళ్ళు కొత్త చోటుకి వెళ్ళిపోవాలి. శ్రుతి మార్చే క్లిప్పు, అదే కేపో, తగిలించుకునే టైము కూడా ఉండదు. మన వాయింపు మనకి వినిపించే స్పీకర్, అంటే మానిటర్, ఉండదు, ఉన్నా గాయకుడి ముందే ఉంటుంది. నీ గిటార్ నీకే సరిగ్గా వినపడదు. చరణం అయ్యాక వచ్చే బిట్ నీదే. అది తప్పితే వెయ్యి మందికీ తెలుస్తుంది, సరిగ్గా పడితే ఈల వేస్తారు. ఇలా తెల్లవారుజాము దాకా వాయించి, మళ్ళీ సాయంత్రం ఇంకో ఊళ్ళో వాయిస్తే నీకొచ్చే చెవి ఏ క్లాసులోనూ రాదు. నువ్వు గదిలో కూర్చుని ఏడాదంతా సోలోలు సాధన చేసినా రాదు.

అక్కడికి వెళ్ళాక నీ లీడ్ వాయింపు కన్నా నీ రిథమ్ లోపాలు ముందు బయటపడతాయి. పాఠాలు చెబుతూ నేను చూస్తున్నది ఇదే. పిల్లలు వేగమంతా ఎడమచేతికి నేర్పిస్తారు, కుడిచేతిని గాలికి వదిలేస్తారు. ఏసీ డీసీ బ్యాండ్‌లో తమ్ముడు ఆంగస్ యంగ్ స్టేజీ అంతా పరుగెత్తి సోలోలు వాయిస్తుంటే, అన్న మాల్కమ్ యంగ్ వెనక యాంప్లిఫయర్ల దగ్గర నిలబడి కార్డ్స్ కొట్టేవాడు. ఆ బ్యాండ్ శబ్దానికి వెన్నెముక ఆ అన్నే. నువ్వు ఇవాళ్టి నుంచి ఒక పని చెయ్యి. ఫోన్‌లో తాళం వేసే మెట్రోనోమ్ 60 మీద పెట్టు. ప్రతి టిక్కూ రెండో దెబ్బా నాలుగో దెబ్బా అనుకో, ఒకటీ మూడూ నీ లోపలే లెక్కపెట్టుకో. ఒకే ఒక్క కార్డ్, కుడి అరచేతి అంచుతో తీగల్ని బ్రిడ్జి దగ్గర కొంచెం ఆనించి, పది నిమిషాలు ఆగకుండా కొట్టు. రికార్డు చేసి విను. మొదటి వారం నీకే నచ్చదు. నెల గడిచాక మళ్ళీ విను.

ఇక ఉద్యోగం. మెలోడీ పనికి ఒక లెక్క ఉంది. వినాయక చవితి నుంచి దసరా దాకా ఊపిరాడదు, తర్వాత పెళ్ళి ముహూర్తాలు, యాత్రలు. ఆషాఢంలో, శూన్యమాసంలో ఫోన్ మోగదు. అందుకే ఈ సీజన్‌కి ఉద్యోగం ఉంచుకునే వాయించు. సూపర్‌వైజర్‌తో మాట్లాడి ప్రోగ్రాములున్న రోజుల్లో షిఫ్టులు మార్చుకో. రాత్రంతా వాయించి నిద్ర లేకుండా పొద్దున్నే మెషీన్ దగ్గర నిలబడటం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇది గట్టిగా చెప్పడానికి కారణముంది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయామీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. 17 ఏళ్ళ వయసులో, ఆ ఉద్యోగానికి అదే ఆఖరి రోజు, మెషీన్ కింద చెయ్యి పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, నొక్కడానికి తేలిగ్గా ఉండాలని సన్నని తీగలు కట్టాడు, తర్వాతి రోజుల్లో శ్రుతి కూడా దించి వాయించాడు. అంతటి పట్టుదలకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ కథ విని పొంగిపోయే కుర్రాళ్ళకి నేను చెప్పేది వేరు. మెషీన్ దగ్గర గ్లవ్స్ వేసుకో, వేలికి ఉంగరం ఉంచకు, నిద్రమత్తులో డ్యూటీకి వెళ్ళకు. నీ రెండు పనులకీ చేతులే ఆధారం.

గిటార్ మీద వచ్చే ప్రతి రూపాయికీ ఒక పుస్తకం పెట్టు. బయానా ఎంత, మిగతా ఎప్పుడిచ్చారు, దారి ఖర్చు ఎంత, తీగలకెంత, అంతా రాయి. మెలోడీ ఒక్కటే కాదు, పిల్లలకి పాఠాలు కూడా మొదలుపెట్టు. రాయగడలో గిటార్ నేర్పేవాళ్ళు లేక యూట్యూబ్ చూసి తంటాలు పడే పిల్లలు నీ వీధిలోనే ఉంటారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ గ్రేడ్ పరీక్షలు రాసి పెట్టుకుంటే స్కూళ్ళలో మ్యూజిక్ టీచర్‌గా అడగడానికి ఒక కాగితం ఉంటుంది. నీ చదువు ఇంకా పెద్ద ఆస్తి. యాంప్లిఫయర్, పెడల్, పికప్ బాగు చేయగలిగిన మనిషి కోసం ఈ జిల్లాల్లో కళాకారులు విశాఖపట్నం దాకా పోతున్నారు. సోల్డరింగ్ ఐరన్ పట్టిన చేతికి ఆ పని ఎంత! ఇవన్నీ కలిపి, సీజన్ లేని నెలల్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఏడాది సగటు ఇంటి ఖర్చుకి సరిపోతోందని పుస్తకం చెప్పిన రోజున ఉద్యోగం మాను. అప్పుడు కూడా ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి.

నాన్నగారితో గొడవ పడకు. ఆయన గిటార్‌ని తిట్టడం లేదు. ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఖర్చు ఎవరిస్తారు, ముసలితనంలో ఏం తింటావు అని అడుగుతున్నారు. కాంట్రాక్టు కార్మికుల బతుకు చూసిన తండ్రి ఆ ప్రశ్న అడక్క ఎలా ఉంటాడు? ఆ ప్రశ్నకి సమాధానం మాటల్లో కాదు, కాగితం మీద చూపించు. ఆరోగ్య బీమా పాలసీ ఒకటి తీసుకో, పీపీఎఫ్ ఖాతా తెరువు, నెలనెలా ఎంతో కొంత వెయ్యి. ఆ పాస్‌బుక్కూ నీ లెక్కల పుస్తకమూ ఆయన చేతికివ్వు. మీ ఊళ్ళో చైతి ఉత్సవాల్లోనో, పక్క జిల్లా కోరాపుట్ పరబ్‌లోనో నీకు ప్రోగ్రాం పడితే ఆయన్ని తీసుకెళ్ళి సౌండ్ మిక్సర్ పక్కన కుర్చీ వేయించు. స్టేజీ ముందు వద్దు, అక్కడ గోల. మిక్సర్ దగ్గర కూర్చుంటే ఎంతమంది పనివాళ్ళు ఎంత శ్రద్ధగా చేస్తే ఒక పాట నిలబడుతుందో ఆయనకి కనిపిస్తుంది. ఇది కూడా పనే, షిఫ్టు లాంటి పనే అని ఆయనకే తెలుస్తుంది.

క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే సంగతి ఆయనకి చెప్పు. కుర్రతనంలో గిటార్ కొనే స్తోమత లేక 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు. మెడ భాగానికి పాత చలిమంట గూడు పైనుండే చెక్క వాడారు. ఆ తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి, కొడుకు చదువు వదిలి బ్యాండ్‌లోకి పోతుంటే బాధపడ్డ మనిషి కూడా. బ్రయాన్ 1970లలో ఖగోళశాస్త్ర పరిశోధన మధ్యలో ఆపి బ్యాండ్‌తో వెళ్ళిపోయాడు, 2007లో తిరిగొచ్చి ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. తండ్రీ కొడుకులు చేసిన ఆ గిటార్‌నే ఆయన జీవితమంతా వాయిస్తున్నాడు. నీ పాత యాంప్లిఫయర్ ఒకటి విప్పి నాన్నగారి ముందు పెట్టి సాయం అడిగి చూడు.

ఎలక్ట్రికల్ చదివినవాడివి కాబట్టి నీకో బాధ్యత అప్పజెబుతున్నాను. పల్లెటూరి స్టేజీల మీద టెంట్ హౌస్ జనరేటర్, అతుకుల వైర్లు, ఎర్తింగ్ సంగతి దేవుడెరుగు. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయని నీకు తెలుసు. యాంప్లిఫయర్ ఒక లైన్ మీద, మైకు సెట్టు ఇంకో లైన్ మీద ఉండి, ఒకదాని ఎర్త్ తెగితే, చేతిలో తీగలు పట్టుకుని మైకుకి మూతి ఆనించినవాడి ఒంట్లోంచే కరెంటు పోతుంది. 1972లో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్లీ హార్వీ వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీద ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని అక్కడే చనిపోయాడు. హమ్మింగ్ వస్తోందని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళని నువ్వు చూసే ఉంటావు. పీకనివ్వకు. యాంప్లిఫయర్, మైకు సెట్టు ఒకే బోర్డు మీద పెట్టించు, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు సొంతంగా చేసుకుని బ్యాగులో వేసుకుని తిరుగు, పాట మొదలయ్యే ముందు మైకునీ తీగల్నీ మీటర్‌తో చూడు. నీతో పాటు స్టేజీ మీద ఉన్న అందరి ప్రాణాలూ కాపాడినవాడివవుతావు.

చెవులు కూడా. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. స్టేజీ మీద డ్రమ్స్ పక్కన అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ది హూ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వినికిడి దెబ్బతిని, చెవిలో హోరుతో ఎంత బాధపడ్డాడో తనే బాహాటంగా చెప్పాడు. సంగీతానికి పనికొచ్చే ఇయర్‌ప్లగ్గులు కొను, రిహార్సల్‌లో కూడా పెట్టుకో.

బెంగళూరు ఎందుకు వద్దన్నానంటే, అక్కడికి నువ్వు ఏం పట్టుకెళ్తావు? మీ పాటల లిస్టు పంపావు, దాదాపు అన్నీ ఇంగ్లీషు బ్యాండ్ల పాటలే. వాటిని మీకన్నా బాగా వాయించేవాళ్ళు అక్కడ వందల మంది ఉన్నారు, సొంత గదులున్నవాళ్ళు, అద్దె బాధ లేనివాళ్ళు. నీ దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గర లేదు. నువ్వు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతావు, సంతలో కుయి భాష వింటావు. థింసా నృత్యం అరకులోనూ ఉంది, కోరాపుట్‌లోనూ ఉంది. ఆ అడుగుల కింద మోరి, తుడుము వాయిద్యాల నడక ఎప్పుడైనా గిటార్ మీద పట్టడానికి ప్రయత్నించావా? వాయించే పెద్దల దగ్గర కూర్చుని, అడిగి, వాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చి నేర్చుకో. పాట రికార్డు చేసిన రోజున వాళ్ళ పేర్లు వెయ్యి.

గిటార్ మీద మన గమకం పలకదని ఎవరైనా అంటే నమ్మకు. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని తన చేతికి అనువుగా అయిదు తీగలకి మార్చుకుని దాని మీద కర్ణాటక సంగీతం పలికించాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళవాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అటు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకుని, ఫ్రెట్ల (మెట్ల) మధ్య చెక్కని గుంటగా తొలిపించిన గిటార్ వాడాడు, తీగని లాగితే వీణ మెట్టు మీద జారినట్టు పలకాలని. ఆయన పెట్టిన శక్తి బృందానికి 2024లో గ్రామీ వచ్చింది. పెద్ద నగరంలో పుట్టకపోవడం అడ్డు కాదనడానికి షిల్లాంగ్‌లో ఉంటూ బ్లూస్ వాయించే రూడీ వాలాంగ్ ఉన్నాడు, గ్యాంగ్‌టక్‌లో పుట్టిన గిరీశ్ అండ్ ది క్రానికల్స్ బ్యాండ్ ఉంది. మీ సొంత పాటలు ఆరు, గంటసేపు జనాన్ని కూర్చోబెట్టగలిగేవి, తయారయ్యాక విశాఖపట్నం వెళ్ళండి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరతారు, వాయించి తిరిగి రావొచ్చు. బెంగళూరు ఆ తర్వాత.

కొత్త గిటార్ ఇప్పుడు వద్దు. ఈఎంఐ ఉన్నవాడు నచ్చని ప్రోగ్రాం కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. నువ్వు పంపిన వీడియోలో నీ గిటార్ పైమెట్ల దగ్గర శ్రుతి తప్పుతోంది, అది గిటార్ పాతదైనందుకు కాదు. కొత్త తీగలు కట్టి, పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా తాకి మీటి హార్మోనిక్ విను, అదే ఫ్రెట్ నొక్కి విను. నొక్కినప్పుడు స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే శాడిల్‌ని కొంచెం వెనక్కి జరుపు, తక్కువ పలికితే ముందుకి. వానాకాలంలో మెడ వంగితే దాని లోపలుండే ఇనప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకు, ఒక రాత్రి ఆగి మళ్ళీ చూడు. బరంపురం వైపు వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవకుండా పెట్టెలో పెట్టకు, ఆ సముద్రపు గాలికి వారంలో తుప్పు పడతాయి.

ఇక మీ సింగర్ సంగతి. చట్టంలో మాట రాసినవాడి హక్కు వేరు, బాణీ కట్టినవాడి హక్కు వేరు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక రాయల్టీలో ఈ ఇద్దరి వాటానీ ఊరికే రాయించుకుని లాగేసుకునే వీల్లేదు. ఆ డబ్బు వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్ అనే రచయితల, సంగీతకర్తల సంస్థ, అందులో సభ్యత్వం తీసుకో. అయితే పాట మీద నీ పేరు లేకపోతే ఏ సంస్థా నీకు ఏమీ ఇవ్వలేదు. సోలో వాయించినంత మాత్రాన బాణీ నీదైపోదు, అదే విధంగా పాడినంత మాత్రాన పాట అతనిదీ అయిపోదు. ఈ గొడవలు పడలేకే క్వీన్ వాళ్ళు 1989 నాటికి ఎవరు కట్టిన పాటైనా నలుగురి పేరునా వేసుకోవడం మొదలుపెట్టారు.

వచ్చే రిహార్సల్‌కి ఒక కాగితం పట్టుకెళ్ళు, డ్రమ్మర్ హైదరాబాద్ బండెక్కకముందే. ఒక్కో పాటకీ మాట ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం అని నలుగురూ కూర్చుని రాయండి. మీ ఫోన్లలో ఉన్న పాత రిహార్సల్ రికార్డింగులు తేదీలతో సహా దాచుకో, మాట తేడా వస్తే అవే సాక్ష్యం. కోపం లేకుండా, టీ తాగుతూ మాట్లాడండి, అతను మీ స్నేహితుడే. నలుగురూ సంతకం పెట్టాక ఆ కాగితం ఫొటో నలుగురి ఫోన్లలోనూ ఉండాలి. అతను సంతకం పెట్టనంటే ఆ పాటల రికార్డింగుకి నీ జీతంలోంచి రూపాయి కూడా పెట్టకు, కొత్తవి కట్టు.